ఆకాశమున పోరంబోకు: తీగలేని అంతర్జాలము, దాని పుట్టుపూర్వోత్తరములు

గ్రామమునందలి భూములన్నియు ఒక్క తీరున నుండవు. పట్టా భూమి యొకరిది, ఇనాము భూమి మరియొకరిది, బంజరు సర్కారుది. ఇవిగాక ఏ ఒక్కరికిని చెందక ఎల్లరకును చెందు నేల యొకటి కలదు. చెరువుగట్టు, మందబయలు, బండ్లబాట, శ్మశానము, రచ్చచెట్టు క్రింది జాగా మున్నగునవి లెక్కలలో పోరంబోకుగా వ్రాయబడును. శిస్తు రాని నేల గనుక కాగితముమీద దానికి విలువ లేదు. కాని ఆ నేల లేనిచో పశువు మేయదు, బండి కదలదు, చెరువు నిలువదు. శిస్తు రాని నేలయే శిస్తు వచ్చు నేలకు ఆధారమని వ్యవసాయ మెరిగినవారందరును అంగీకరింతురు.

గడచిన నూటయిరువది సంవత్సరములలో ఆకాశము కూడ ఇట్లే కొలవబడి, హద్దులు వేయబడి, పంచబడినది. కొంత సైన్యమునకు, కొంత ఓడలకు విమానములకు, కొంత రేడియోకు కేటాయింపబడెను. ధర పలుకు భాగములు వేలమునకు పోయినవి. ఎవరికిని అక్కరలేదని విడువబడిన ఒక చిన్న తునక మాత్రము పోరంబోకుగా మిగిలినది. నేడు చిన్నపిల్లలు సయితము ‘వైఫై’ యని పలుకుచున్న తీగలేని అంతర్జాలము మొలకెత్తినది ఆ తునకయందే. అది యెట్లు మొలకెత్తినదో చెప్పుటయు, మున్ముందు ఆ సామాన్య భూమి ఎవరి చేతిలో నుండునో విచారించుటయు ఈ వ్యాసమున కుద్దేశము.

తరంగములు వెలుగులోనికి వచ్చుట

ఆకాశమునకు శబ్దము గుణమని ప్రాచీన తార్కికులు చెప్పిరి. శబ్దమును మోయునది గాలియని తరువాతి శాస్త్రము తేల్చినది. గాలి లేని చోటనుకూడ వెలుగువలె పయనింపగల విద్యుదయస్కాంత తరంగములు కలవని 1865లో స్కాట్లండు దేశీయుడగు మాక్స్‌వెల్ గణితముచేత నిర్ణయించెను. 1887, 88 సంవత్సరములలో జర్మనీయందలి కార్ల్‌స్రూహె నగరమున హెర్ట్‌జ్ అను ఆచార్యుడు వానిని ప్రయోగముచే నిరూపించెను. ఆయన పేరే నేడు కొలమానమైనది. సెకనుకు ఒక కంపనము హెర్ట్‌జు, పదిలక్షల కంపనములు మెగాహెర్ట్‌జు. ఆకాశమునకు సర్వే నంబర్లు ఈ మెగాహెర్ట్‌జులలోనే వేయబడుచున్నవి.

కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యుడైన జగదీశచంద్ర బోసు 1895లో ఆ నగరపు టౌన్‌హాలున పెద్దల సమక్షమున ఒక ప్రయోగము చూపెను. తీగ యేదియు లేకుండ, నడుమ గోడ లడ్డముండగా, దూరపు గదిలో గంట మ్రోగినది, తుపాకిమందు అంటుకొన్నది. ఆయన వాడిన తరంగముల పొడవు కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. అంత పొట్టి తరంగముల నాటి లోకము ఉపయోగించుకొనజాలకపోయెను. నూరేండ్ల తరువాత అత్యంత వేగముగా సమాచారము పంపు యంత్రములు ఆ కొలతకే మరల చేరుకొన్నవి. తాను కనుగొన్నదానిపై పేటెంటు హక్కులు కోరుటకు బోసు సాధారణముగా ఇష్టపడకుండెడివాడు. విద్య అమ్ముకొను వస్తువు కాదని ఆయన భావము.

ఇటలీ దేశీయుడగు మార్కొనీ త్రోవ వేరు. ఆయన సంస్థ స్థాపించి, హక్కులు పొంది, 1901 డిసెంబరు 12న ఇంగ్లండునుండి పంపిన సంకేతమును అట్లాంటికు మహాసముద్రమునకు ఆవలి ఒడ్డున విన్నట్లు ప్రకటించెను. ఒకరు విద్యను పంచిరి, మరొకరు వ్యాపారముగా పెంచిరి. ఈ రెండు త్రోవలును నేటివరకు ప్రక్కప్రక్కనే నడచుచున్నవి. తీగలేని విద్య చరిత్ర యంతయు ఈ రెండిటి పెనుగులాటయే.

లైసెన్సుల కాలము

1912లో టైటానిక్ ఓడ మునిగినపుడు ఆకాశమున అందరును ఒకేసారి మాటలాడుట ఎంత ప్రమాదమో లోకమునకు బోధపడినది. ఆ యేడే అమెరికా చట్టము చేసి, ఎవరు ఏ తరంగమున మాటలాడవలెనో నిర్ణయించెను. దేశములన్నియు ఆ బాటనే నడచినవి. భారతదేశమున 1885 నాటి టెలిగ్రాఫు చట్టమునకు తోడుగా 1933లో వైర్లెస్ టెలిగ్రాఫీ చట్టము వచ్చినది. దాని ప్రకారము తీగలేని యంత్రమును ఇంట నుంచుకొనుటకే అనుమతి కావలసి యుండెను. అందుచేతనే పూర్వము రేడియో కొన్నవారు తపాలాకార్యాలయమునకు పోయి యేటేట రుసుము కట్టి, పుస్తకముపై ముద్ర వేయించుకొనవలసి వచ్చెడిది. 1980ల నడుమగాని ఆ రుసుము తొలగలేదు.

ఆ కాలమునందును ఊరి కుమ్మడిగా నిలిచిన వైర్లెస్ ఒకటి కలదు. అది పంచాయతీ రేడియో. 1935లో హైదరాబాదున నిజాము ప్రభుత్వపు రేడియోయు, 1948 డిసెంబరు 1న విజయవాడ ఆకాశవాణి కేంద్రమును ఆరంభమైనవి. రేడియో కొనగల యిండ్లు ఊరికి ఒకటి రెండును లేని ఆ దినములలో పంచాయతీ కార్యాలయముననో, గ్రంథాలయపు అరుగుమీదనో ఉంచిన పెట్టె ముందు సాయంసమయమున ఊరు కూర్చుండెడిది. ధరవరలు, వాన రాకడ, వ్యవసాయదారుల కార్యక్రమము, నాటకము అందరికిని ఒక్కసారే వినబడెడివి. వస్తువు ఖరీదైన కాలమున దానిని ఉమ్మడి స్థలమున నిలుపుటచేత అది ఎల్లరదైనది. ఈ యొక్క సూత్రమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

ఓడరేవుల దీవులలో మొదటి అంతర్జాలము

తీగలేకుండ కంప్యూటర్లు మాటలాడుకొనుట మొట్టమొదట పసిఫికు సముద్రమునందలి హవాయి దీవులలో జరిగినది. అచ్చటి విశ్వవిద్యాలయమునకు దీవిదీవిన శాఖలు కలవు. సముద్రగర్భమున తీగలు వేయుట తలకుమించిన వ్యయము. ఆచార్య నార్మన్ ఏబ్రమ్‌సన్ బృందము 1971లో రేడియో ద్వారా ఆ శాఖలను ఒకటిగా కలిపెను. ఆ యేర్పాటునకు ‘అలోహా’ యని పేరు. హవాయి భాషలో అది పలుకరింపు మాట.

ఒకే తరంగమున పెక్కు యంత్రములు మాటలాడునప్పుడు కలియబడకుండుటెట్లు? రచ్చబండ నెరిగినవారికి ఈ యుపాయము సులభముగా తెలియును. ఇరువురు ఒకేసారి నోరు తెరచినచో ఇరువురును ఆగుదురు. ఎవరికి తోచినంత సేపు వారు ఊరకుండి మరల మొదలిడుదురు. ఇద్దరి విరామములును సరిగా ఒక్కటే యగుట అరుదు గనుక ఒకరి మాట ముందు సాగిపోవును. అలోహా చేసిన దింతే. పెద్దమనిషి లేడు, వంతులు పంచు నీరుగంటి లేడు. తరువాత వచ్చిన పద్ధతులు దీనికి మరియొక మర్యాద చేర్చినవి. మాటలాడుటకు ముందు ఎవరైనను మాటలాడుచున్నారేమో విని, అటుపిమ్మట నోరు విప్పవలెను. వైఫై యంత్రములు నేటికిని ఆ మర్యాదనే పాటించుచున్నవి.

పనికిరాని తునక

1985 మే నెలలో అమెరికా దేశపు సమాచార నియంత్రణ సంఘము ఒక నిర్ణయము చేసెను. 900, 2400, 5800 మెగాహెర్ట్‌జుల ప్రాంతమున నున్న మూడు తునకలలో, శక్తికి పరిమితి పాటించుచు, లైసెన్సు లేకుండ ఎవరైనను సమాచారము పంపుకొనవచ్చునని దాని సారాంశము. ఆ తునకలు అంతకుముందు పరిశ్రమలకు, వైద్యయంత్రములకు, వంటపొయ్యిలకు విడువబడినవి. నేడు పట్టణముల యిండ్లలో అన్నము వేడిచేయు మైక్రోవేవు పొయ్యి 2450 మెగాహెర్ట్‌జులకడనే పనిచేయును. ఆ సందడిలో స్పష్టముగా మాట వినబడదని వ్యాపారసంస్థలు ఆ భాగమును కోరకుండెడివి. అది నిజముగా చవిటి నేల.

ఆ నేలలో పంట పండించు విద్యలు వేరువేరు చోటులనుండి వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున హెడీ లామార్ అను సినిమా నటియు, జార్జి యాంథైల్ అను సంగీతకర్తయు కలిసి, శత్రువులు అడ్డగింపకుండ సంకేతమును ఒక తరంగమునుండి మరొక తరంగమునకు దుమికించు ఉపాయము కనిపెట్టి 1942లో పేటెంటు పొందిరి. 1997 నాటి మొదటి వైఫై ప్రమాణమున అనుమతింపబడిన పద్ధతులలో అట్టి దుముకు పద్ధతియు నొకటి. గోడలకు తగిలి తిరిగివచ్చు ప్రతిధ్వనులు అసలు మాటతో కలిసిపోవుట మరియొక చిక్కు. మండపమున పురాణము చెప్పువాని కంఠము ప్రతిధ్వనితో కలిసి అస్పష్టమగుట వంటిదే యిది. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనసంస్థలో జాన్ ఓసల్లివన్ బృందము 1990 తరువాతి యేండ్లలో దీనికి పరిష్కారము సాధించెను. వారు తొలుత ఖగోళపరిశోధకులు. నక్షత్రలోకమునుండి వచ్చు క్షీణసంకేతములను ఏరుకొనుటకు నేర్చిన గణితమే ఇచ్చట అక్కరకు వచ్చినది.

ఇంజనీర్ల అంతర్జాతీయ సంఘము 1990లో మొదలిడి 1997లో అందరు తయారీదారులకును ఒకే ప్రమాణము నేర్పరచెను. సెకనుకు 20 లక్షల అంశములు పంపుట నాటి వేగము. 1999లో అది కోటిపది లక్షలకు పెరిగినది. ‘వైఫై’ యను పేరు పెట్టబడినది ఆ యేడే. ఈ యొప్పందముచేత ఏ దేశపు పెట్టె యైనను ఏ సంస్థ యంత్రముతోనైనను మాటలాడగలిగెను.

ఇచ్చట ఒక సందేహము తీర్చుట మంచిది. వైఫై వేరు, అంతర్జాలము వేరు. అంతర్జాలము పెద్ద కాలువ, వైఫై పొలములోని పిల్లబోదె. కాలువనుండి నీరు వచ్చినగదా బోదె పారును. భూమిలోననో స్తంభములమీదనో వచ్చు గాజుతీగ ద్వారా అంతర్జాలము గ్రామమునకు చేరును. చివరి కొలదిగజముల దూరమును గాలిలో దాటించునది వైఫై. సాధారణపు పెట్టె పరిధి ఒక పెద్ద లోగిలి, దాని ముందరి వీధి. పల్లెలో గోడకు పెట్టె బిగించి, వెనుక తీగను మరచినచో అది నీరులేని బోదెయే.

ఆకాశము ప్రజలదని తీర్పు

భారతదేశమున 1995వ సంవత్సరము రెండు కారణములచేత ముఖ్యమైనది. ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు, క్రికెటు ఆటల ప్రసారమునకు సంబంధించిన వ్యాజ్యమున, వాయుతరంగములు ప్రజల ఆస్తియనియు, వానిని ప్రజాశ్రేయస్సునకై వాడవలెననియు తీర్పు చెప్పెను. ఆ ధర్మాసనమున తీర్పు వ్రాసినవారిలో తెలుగువారగు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి యొకరు. అదే సంవత్సరము ఆగస్టు 15న దేశప్రజలకు అంతర్జాలము మొదటిసారి అందుబాటులోనికి వచ్చినది.

ప్రజల ఆస్తియైనను పంపకము సుళువుగా జరుగలేదు. 2010లో మూడవతరము ఫోనుల తరంగములను వేలము వేయగా సుమారు 67,700 కోట్ల రూపాయలు వచ్చెను. అంతకుముందు వేలము లేకుండ ఇచ్చిన 122 లైసెన్సులను 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు రద్దుచేసెను. జనులందరి దృష్టి ఈ కోట్లమీదను, ఈ వివాదములమీదను నుండగా, 2005 జనవరిలో వెలువడిన ఒక చిన్న ప్రకటనను గమనించినవారు తక్కువ. 2400 మొదలు 2483.5 మెగాహెర్ట్‌జుల వరకు, శక్తి నిర్ణీత పరిమితిలో నున్నచో, లైసెన్సు అక్కరలేదని దాని భావము. ఖజానాకు పైసా రాని ఆ ప్రకటనయే ఈ దేశమున ఆకాశ పోరంబోకునకు హద్దురాయి. 2018లో 5000 మెగాహెర్ట్‌జులకు పైనున్న మరికొంత భాగము దీనికి చేర్చబడినది.

పల్లెలు వేసికొన్న బాటలు

వంద గజముల పరిధికై పుట్టిన వైఫైని పల్లెపల్లెకు దూరము పంపవచ్చునని చూపినవారు విద్యాసంస్థలవారు, పల్లెప్రజలు. ఎత్తైన స్తంభములమీద పళ్ళెము వంటి యాంటెన్నాలను ఎదురెదురుగా నిలిపినచో ఆ బలహీనపు తరంగమే పదుల కిలోమీటర్లు పోగలదు. కాన్పూరు ఐఐటీ ఆచార్యులు ఈ శతాబ్దారంభమున గంగాతీరపు పల్లెలలో దీనిని పరీక్షించిరి. ఆ పిమ్మట పశ్చిమగోదావరి జిల్లాలో భీమవరము కేంద్రముగా బైర్రాజు ఫౌండేషను ‘అశ్విని’ యను పేర పల్లెలను ఇట్లే కలిపి, దూరవైద్యమును, విద్యాబోధనను నడపెను. తమిళనాట తేని ప్రాంతమున అరవింద కంటి ఆసుపత్రి ఇదే పద్ధతిన గ్రామముల నేత్రపరీక్షా కేంద్రములను పట్టణపు వైద్యులతో జోడించెను. పల్లెలో నున్న రోగి కన్నును ఆసుపత్రిలోని వైద్యుడు తెరమీద చూచి చికిత్స నిర్ణయించుటచేత, ఎందరో ముదుసలులకు బస్సు ఖర్చును కూలినష్టమును తప్పినవి.

నేపాళ దేశమున మహావీర పున్ అను ఉపాధ్యాయుని కథ ఇంకను చెప్పదగినది. ఆయన స్వగ్రామమగు నాంగి హిమాలయ సానువులలో నున్నది. బాటయు టెలిఫోనును లేని ఆ యూరికి 2002 ప్రాంతమున, టెలివిజను పళ్ళెములను మార్చి, కొండలమీద చెట్లకు కట్టి, పోఖరా పట్టణమునుండి అంతర్జాలమును తెచ్చెను. ఊరివారే సామగ్రి మోసిరి. అవి అచ్చట అంతర్యుద్ధపు దినములు, యంత్రములు తెచ్చుటయే ప్రాణభయము. 2007లో ఆయనకు రామన్ మెగసెసే పురస్కారము లభించెను. తరంగము వేలములో కొనవలసినదే యైనచో ఈ పనులలో ఒక్కటియు మొదలుకాకపోయెడిది.

రైల్వేస్టేషను బల్లమీద చదువు

పదిమంది కూడు చోట వైఫై నిలుపుటలో భారతీయ రైల్వేలు ముందంజ వేసినవి. 2016 జనవరిలో ముంబయి సెంట్రలు స్టేషనుతో మొదలై, కొలది సంవత్సరములలో 6 వేలకు పైగా స్టేషనులలో ఈ వసతి కలిగెను. దినమునకు మొదటి అరగంట ఉచితము. ఎర్నాకుళము స్టేషనున మూటలు మోయు కూలివా డొకడు ఈ వైఫైతో పాఠములు విని, బరువులు మోయుచునే చెవిలో పాఠము నడచుచుండగా చదివి, రెవెన్యూ శాఖలో గ్రామస్థాయి ఉద్యోగమునకు జరుగు వ్రాతపరీక్షలో ఉత్తీర్ణుడయ్యెనని 2018లో పత్రికలన్నియు వ్రాసెను. కోచింగునకు పోవ ధనము లేనివానికి అరగంట వైఫై గురుకులమైనది.

ఒకనాడు ఊరూర ఎస్టీడీ బూతులు వెలసి దూరపు మాటను బడుగుల కందించినట్లే, చిన్న దుకాణముల ద్వారా అంతర్జాలము నందింపవలెనని కేంద్రప్రభుత్వము 2020 డిసెంబరు 9న ‘పీఎం వాణి’ పథకమును ఆమోదించెను. కిళ్ళీకొట్టువాడైనను, టీ అంగడివాడైనను లైసెన్సు లేకయే వైఫై పంచి కొద్ది రుసుము పుచ్చుకొనవచ్చును. సంకల్పము గొప్పది. 2018 నాటి జాతీయ విధానమున 2020 నాటికి 50 లక్షలు, 2022 నాటికి కోటి వైఫై కేంద్రములు కావలెనని వ్రాసికొనిరి. ఆ లెక్క తీరలేదు, దాని దరిదాపులకైనను పోలేదు. చిన్న దుకాణదారునికి సంస్థలు తీగ ఇచ్చుటలో పెద్ద కార్యాలయములకు వేయు ధరలు వేయుట ఒక కారణము. 2025 జూనులో నియంత్రణసంస్థ ఆ ధరలకు గరిష్ఠ పరిమితి విధించినది.

పెద్ద కాలువ త్రవ్వు పని వేరుగా సాగుచున్నది. సుమారు 2.5 లక్షల గ్రామపంచాయతీలకు గాజుతీగ చేర్చు సంకల్పము 2011లో ఆమోదింపబడి, తరువాత ‘భారత్‌నెట్’ అను పేరు దాల్చెను. ఆంధ్రప్రదేశమున విద్యుత్ స్తంభములమీదుగనే తీగ లాగి వ్యయము తగ్గించిరి. కోనసీమలోని మోరి గ్రామము 2016 డిసెంబరులో ఇట్లు కలుపబడినది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి ఈ ఫైబరు గ్రిడ్‌ను జాతి కంకితము చేసిరి. ఆరంభమున నెలకు 149 రూపాయల ధరయే ప్రకటింపబడెను. తీగ పంచాయతీ గడపవరకు వచ్చుట వేరు, ఊరి చిన్నది దానిని వాడుకొని పరీక్షకు చదువుట వేరు. పెక్కు చోటుల పెట్టె యున్నను కరెంటు లేదు, కరెంటున్నను తాళముచెవి ఎవరికడ నున్నదో తెలియదు. చెరువు త్రవ్వించుటకు ఉత్సాహమున్నంత పూడిక తీయించుటకు ఉండదని పూర్వులకు తెలియనిది కాదు.

చేతిలో ఫోనుండగా ఉమ్మడి యెందుకు?

2016 సెప్టెంబరు తరువాత ఫోనులపై అంతర్జాలము మిక్కిలి చౌకయైనది. ప్రతి చేతిలో ఫోనుండగా ఊరుమ్మడి వైఫై యెందుకని అడుగువారు కలరు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు.

సమాధానము లెక్కలలో నున్నది. 2019-21 జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, ఎన్నడైనను అంతర్జాలము వాడినవారు ఆంధ్రప్రదేశమున పురుషులలో నూటికి సుమారు 49 మంది, స్త్రీలలో 21 మంది మాత్రమే. తెలంగాణమున పురుషులు 57, స్త్రీలు 26 లేక 27. ఇంటిలో ఫోనున్నంతమాత్రమున ఇంటిలోని ఆడపిల్ల చేతికి అది వచ్చినదని కాదు. ఇంటి ఫోను తండ్రితో పొలమునకు పోవును, అన్నతో పట్నమునకు పోవును. 2020లో బడులు మూతపడి పాఠములు తెరమీదికి పోయినపుడు ఈ నిజము అందరకును తెలిసివచ్చినది. ఒక్క ఫోనునకు ముగ్గురు బిడ్డలున్న యింట ఎవరి చదువు మొదట ఆగెనో చెప్పనక్కరలేదు. కళాశాల వసతిగృహమున ఫోను నిషేధింపగా ఒక విద్యార్థిని వేసిన వ్యాజ్యములో, అంతర్జాలమును పొందుట విద్యాహక్కులో భాగమని కేరళ హైకోర్టు 2019 సెప్టెంబరులోనే తీర్పు చెప్పియుండెను.

భారతయుద్ధమున దివ్యదృష్టి సంజయున కొక్కనికే లభించెను. రాజమందిరమున రాజు వినుటకే అది యుపయోగపడెను. కురుక్షేత్రమునకు బిడ్డలను పంపిన పల్లెల తల్లులకు ఆ వార్త ఎప్పుడు చేరెనో ఎవరును చెప్పలేదు. దూరదర్శనవిద్య యెంత గొప్పదైనను, అది యెవరి ముంగిట నిలిచినదన్నదియే అసలు ప్రశ్న.

గ్రంథాలయోద్యమము నేర్పిన పాఠము

ఈ ప్రశ్న తెలుగునాటికి క్రొత్తది కాదు. తాటాకు పుస్తకములు కొందరి యిండ్ల అటకలమీదనే యున్న కాలమొకటి యుండెను. అచ్చుపుస్తకములు వచ్చినను కొనగలవారు కొందరే. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికచే విజయవాడలో గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగినది. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువలమీద పడవలో పుస్తకములు నింపి పల్లెలకు పంపిరి. పుస్తకము కాలువగట్టునకు వచ్చి పాఠకుని పిలిచినది. స్వరాజ్యము వచ్చిన తరువాత గ్రంథాలయ చట్టములు వచ్చి, ఇంటిపన్నుపై గ్రంథాలయ సుంకము ఏర్పడినది. నేటికిని ఆంధ్రప్రదేశమున రూపాయి ఇంటిపన్నునకు 8 పైసలు ఆ క్రింద వసూలగును. చదువురాని కూలివాడును ఆ పైసలు కట్టుచున్నాడు, అతని బిడ్డ చదువుటకు.

పుస్తకమునకు చేసిన యీ యేర్పాటే అంతర్జాలమునకును చేయదగినదని కొన్ని దేశములు గుర్తించినవి. ఫిలిప్పీన్సు 2017లో బహిరంగస్థలములలో ఉచిత అంతర్జాలమునకై చట్టము చేసి, అందు గ్రంథాలయములను పేర్కొనెను. ఐరోపా సమాఖ్య 2018 మొదలు పురపాలకసంఘములకు 15,000 యూరోల సహాయపత్రము లిచ్చి, కూడళ్ళలోను గ్రంథాలయములలోను వైఫై పెట్టించెను. 2020లో అమెరికాలో గ్రంథాలయములు తలుపులు మూసినను వైఫైని మూయలేదు. బయట బండ్లలో కూర్చుండి విద్యార్థులు చదువుకొనిరి. గ్రంథాలయము మూసియున్నను అరుగు తెరచియే యున్నట్లయినది.

రానున్న కాలము

రానున్న దినములలో ఆకాశపు హద్దులు మరల కొలవబడుచున్నవి. 6000 మెగాహెర్ట్‌జుల ప్రాంతమున 1200 మెగాహెర్ట్‌జుల వెడల్పు గల భాగమును అమెరికా 2020లో లైసెన్సు లేని వాడుకకు విడిచెను. ఐరోపా అందులో సగమునకు లోపుగనే విడిచెను. భారతప్రభుత్వము 2025 మే నెలలో 5925 నుండి 6425 వరకు గల భాగమును విడుచుటకు ముసాయిదా నియమములు ప్రకటించినది. అంతకుపై భాగము తమకు కావలెనని ఫోను సంస్థలు వాదించుచున్నవి. వేలముచే ఖజానాకు వచ్చు ధనము కంటికి కనబడును. పోరంబోకుచే ఊరికి వచ్చు లాభము ఏ ఖాతాలోను వ్రాయబడదు. అందుచేత పోరంబోకు పక్షమున మాటలాడువారు ఎల్లప్పుడును తక్కువ. గ్రామములలో మందబయళ్ళు ఏటేట కుంచించుకొనిపోవుట చూచినవారికి ఈ మాట విప్పి చెప్పనక్కరలేదు.

తీగ పోలేని కొండపల్లెలకు ఉపగ్రహములు దారి చూపవచ్చును. భూమికి సుమారు 550 కిలోమీటర్ల ఎత్తున తిరుగు చిన్న ఉపగ్రహముల వరుసలు 2019 నుండి పైకి పంపబడుచున్నవి. కాంతికిరణముచేత నదులను లోయలను దాటించు పద్ధతియు నున్నది. 2017లో ఆంధ్రప్రదేశమున అట్టి 2,000 జోడింపులకు ఒప్పందము జరిగెను. విద్య యేదైనను, చివరకు అది ఊరిలో ఒక తలుపుకడ దిగవలెను. ఆ తలుపు ఎవరిదన్నదియే తేలవలసిన విషయము. దుకాణము తలుపైనచో కొన్నవాని కందును. గ్రంథాలయపు తలుపైనచో వచ్చినవాని కందును.

అయితే గ్రంథాలయమున వైఫై పెట్టుట పెట్టె కొనుటతో ముగియు పని కాదు. విద్యుత్తు పోయినను నిలుచు బ్యాటరీ కావలెను. నెలనెల రుసుము కట్టుటకు పద్దు కావలెను. చెడిన దినముననే బాగుచేయించు బాధ్యత ఒకరి పేర వ్రాసి యుండవలెను. చీకటి పడకమునుపు ఆడపిల్లలు వచ్చి నిర్భయముగా కూర్చుండుటకు ఒక బల్ల, ఒక వేళ ఏర్పరుపవలెను. ఎవ రేమి చదివిరో పరులకు తెలియనీయకుండుట గ్రంథపాలకుని పాతధర్మము. అది ఈ క్రొత్తవిద్యకును వర్తించును. వార్త యేది, వదంతి యేది, బ్యాంకు పేర వచ్చిన మోసపుమాట యేదియని చెప్పగల పెద్దదిక్కు కూడ అచ్చట నుండవలెను. పుస్తకములను ఎంచి బీరువాలో పెట్టిన చేతికే ఈ వివేకము అలవడియుండును.

ఇరువదియైదేండ్లు పుస్తకములకు దుమ్ము దులిపి, చెదలు పట్టనీయక, చందాలు వసూలుచేసి, దీపము వెలిగించి నిలిచిన సంస్థకు ఈ భారము మోయరానిది కాదు. వేయవలసిన తీగ కొన్ని గజములు, కట్టవలసిన రుసుము పదిమంది చందా. ఆకాశమున ప్రజలకై విడువబడిన ఆ చిన్న తునకకు ఇచ్చట భూమిమీద ఒక అరుగు చూపుట పల్లె గ్రంథాలయములు చేయదగిన పని, చేయగల పని. ఈ రజతోత్సవ సంవత్సరమున కార్యవర్గమువారు సర్వసభ్యసమావేశమున ఈ విషయమును చర్చకు తెచ్చి, పద్దులో దీనికొక వరుస వ్రాసికొందురుగాక.